కొట్టివేతల్లోంచి పుట్టిన బొమ్మలు

పెరూ స్వాతంత్ర్య పోరాట శతాబ్ది ఉత్సవాలకని ఓడలో బయలుదేరిన రవీంద్రనాథ్ టాగూర్ 1924 నవంబరులో దారిలోనే జబ్బుపడ్డారు. డాక్టర్లు ఇక ప్రయాణం వద్దన్నారు. బ్యూనస్ ఐరిస్ శివారు సాన్ ఇసిద్రోలో, ప్లాతా నది కనిపించే ఒక మేడలో ఆయనకు బస ఏర్పాటు చేసింది విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి. ‘గీతాంజలి’ని ఫ్రెంచి అనువాదంలో చదివిన నాటినుంచీ ఆమె ఆయన అభిమాని. అక్కడ కోలుకుంటూ రాసిన కవితలు తర్వాత ‘పూరబి’ సంపుటిలో చేరాయి. 1925లో వచ్చిన ఆ పుస్తకాన్ని టాగూర్ ‘విజయ’ పేరుతో ఆమెకే అంకితమిచ్చారు. ఒకాంపోకు మాత్రం బెంగాలీ రాదు. అందుకే కవి బల్లమీద తెరిచి ఉన్న నోటుపుస్తకంలో ఆమె కళ్లు కవితల దగ్గర ఆగలేదు, కొట్టివేతల దగ్గర ఆగాయి.

ఆ చిత్తుప్రతిలోని పేజీలను ఇవాళ చూసినా కన్ను అక్కడే ఆగుతుంది. బెంగాలీ అక్షరాలు సన్నగా, ఒద్దికగా, పంక్తి తప్పకుండా సాగుతుంటాయి. మధ్యలో ఒక మాట నచ్చక కొట్టేశారు. ఒక్క గీతతో సరిపెట్టలేదు, మాట ఆనవాలు కూడా మిగలకుండా నల్లసిరా దట్టంగా పులిమారు. కొన్ని పంక్తుల కింద మరో నల్లమచ్చ. ఆ రెంటినీ కలుపుతూ పేజీ అంచు వెంబడి ఒక వంపు దిగుతుంది. ఇంకాస్త కిందికి వచ్చేసరికి ఆ వంపుకు ముక్కు మొలుస్తుంది, పక్కన రెక్కో తోకో చెప్పలేని ఒక చీలిక విచ్చుకుంటుంది. పేజీ ముగిసేసరికి ఏ అడవిలోనూ లేని జంతువొకటి కవిత చుట్టూ చుట్టుకుని పడుకుని ఉంటుంది. కవిత చదవడానికి కావలసిన తెల్లదారులన్నీ మాత్రం ఎక్కడికక్కడ భద్రంగా ఉంటాయి.

ఎందుకిలా చేసేవారో 1930లో తన బొమ్మల గురించి రాస్తూ ఆయనే చెప్పారు. ఛందస్సుకు కుదరని మాటకు పద్యంలో చోటు లేనట్టే, పేజీలో దిక్కులేకుండా చెదిరిపడిన కొట్టివేత కూడా ఆయన కంటికి నలుసులా ఉండేది. దాన్నొక లయలోకి తెచ్చేదాకా చెయ్యి ఊరుకునేది కాదు.

ఇవాళ ఆర్ట్ జర్నల్ పేరుతో రంగురంగుల పుస్తకాలు, అంటించే టేపులు, ముద్రలు దుకాణాల్లో దొరుకుతున్నాయి. వాటితో మొదలుపెట్టేవాళ్లకు నేర్పే మొదటి పాఠాలు గీత, ఆకారం, నలుపు తెలుపుల తేడా, లయ, తూకం, ఖాళీ చోటు. టాగూర్ ఏ చిత్రకళాశాలలోనూ పూర్తి చదువు చదవలేదు. ఈ పాఠాలన్నీ ఆయనకు తప్పు దిద్దుకోవడంలోనే పట్టుబడ్డాయి. సిరా పులమగానే ఆకారం వచ్చింది. ఆకారానికి బరువుంది కాబట్టి పేజీ ఒక పక్కకు ఒరిగినట్టయింది. ఆ ఒరుగు సర్దడానికి అవతలి పక్క ఇంకొకటి కావలసివచ్చింది. రెండు మచ్చల నడుమ మిగిలిన తెలుపు దానంతటదే మూడో బొమ్మయింది. ఎప్పుడో పాటలు కట్టిన చెయ్యి కాబట్టి ఒక వంపు మళ్లీ మళ్లీ రావడంలోని లయ దానికి తెలుసు. సూత్రం ముందు నేర్చుకుని తర్వాత గీయడం కాదిది, గీతకు గీత జవాబు చెప్పడం. ఆ నోటుపుస్తకాల విలువంతా ఇక్కడే ఉంది.

దీనికి సరిగ్గా ఎదురుగా పెట్టి చూడదగిన కాగితం ఒకటి రాయలసీమలో పుట్టింది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ అతిథిగా కొన్నాళ్లున్నారు. ‘జనగణమన’ను తానే ఇంగ్లీషు చేసింది అక్కడే. కజిన్స్ భార్య మార్గరెట్ పాటకు స్వరాలు రాసిపెట్టారు. ఆ ఇంగ్లీషు ప్రతి ఆయన చేతిరాతలో మిగిలి ఉంది. పైనుంచి కిందిదాకా ముత్యాల్లాంటి అక్షరాలు, కింద సంతకం. అది ఎవరికో ఇవ్వడానికి రాసిన సాపుప్రతి. బొమ్మలు పుట్టింది ఎవరికీ చూపించనక్కర్లేదని రాసుకున్న చిత్తుల్లో. ఒకే మనిషి చేతిలో ఈ రెండు రకాల పేజీలూ ఉండేవని గుర్తుపెట్టుకుంటే, చిత్తుపుస్తకం ఇచ్చే స్వేచ్ఛ ఎంతటిదో బోధపడుతుంది.

1928 నాటికి బొమ్మలు కవితలను వదిలి విడి కాగితాల మీదికి వచ్చేశాయి. అప్పటికి ఆయనకు 67 ఏళ్లు. అక్కణ్ణుంచి 1941లో కన్నుమూసేదాకా వేసినవి రెండు వేలకు పైమాటే. కలం, కుంచె, గుడ్డపీలిక, చేతివేలు, ఏది అందితే దాంతో, ఎక్కువగా రంగు సిరాలతో వేసేవారు. వాటికి పేర్లు పెట్టడానికి ఇష్టపడేవారు కాదు. ఎరుపు ఆయన కంటికి సరిగా ఆనేది కాదనీ, ఆ లోపం ఆయన రంగుల ఎంపిక మీద, చివరికి కవితల్లోని వర్ణాల మీద కూడా పడిందనీ కేతకీ కుశారి డైసన్, సుశోభన్ అధికారి ఒక పెద్ద గ్రంథమే రాశారు. మసక గోధుమలు, నలుపులు, వాటి వెనకనుంచి తొంగిచూసే పసుపు వెలుగు ఉన్న ఆయన ముఖచిత్రాలను చూస్తే ఆ వాదన ఊరికే కొట్టిపారేసేది కాదనిపిస్తుంది.

తొలి ప్రదర్శన కలకత్తాలో జరగలేదు. 1930 మే నెలలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో జరిగింది. అప్పుడక్కడే ఉన్న ఒకాంపో చొరవతోనే అంత తక్కువ వ్యవధిలో గ్యాలరీ కుదిరింది. కొట్టివేతల్ని బొమ్మలుగా చూసిన మనిషే వాటికి గోడ కూడా సంపాదించి పెట్టిందన్నమాట. అదే ఏడాది బొమ్మలు లండన్, బెర్లిన్, మాస్కో, న్యూయార్క్ తిరిగాయి. బెర్లిన్ నేషనల్ గ్యాలరీకి చేరిన కొన్నింటిని 1937లో నాజీ ప్రభుత్వం ‘దిగజారిన కళ’ జాబితాలో వేసి తీయించేసింది.

టాగూర్ల ఇంట్లో మరో నోటుపుస్తకం ఉంది. అది ఇంకా చిలిపిది. రవీంద్రుడి అన్న కొడుకు వరస అయిన అవనీంద్రనాథ్ (1871–1951) బెంగాల్ చిత్రకళా ఉద్యమానికి పెద్దదిక్కు, 1905లో వేసిన ‘భారతమాత’ చిత్రంతో దేశమంతా పేరుపడినవాడు. 1930ల్లో ఆయన కుంచె దాదాపు పక్కన పెట్టేసి, ఊళ్లలో ఆడే జాత్రా నాటకాల ఫక్కీలో రామాయణ కథ రాయడం మొదలుపెట్టారు. ‘ఖుద్దుర్ జాత్రా’ అంటారు దాన్ని. దాని బొమ్మల కోసం ఆయన కొత్తగా ఏమీ గీయలేదు. వార్తాపత్రికల్లోంచి ప్రకటనలు, ఫొటోలు, వ్యంగ్యచిత్రాలు, దొరికిన చీటీలు కత్తిరించి చేతిరాత పక్కన అంటించారు. త్రేతాయుగం కథ నడుస్తున్న పేజీలో ఆ వారం బజారులో అమ్మకానికొచ్చిన సరుకు తాలూకు బొమ్మ ప్రత్యక్షమవుతుంది. దాని మీది ఇంగ్లీషు అచ్చక్షరాలు, పక్కన బెంగాలీ చేతిరాత ఒకదాన్నొకటి వెక్కిరిస్తూ, ఒకదానికొకటి అర్థం చెప్పుకుంటూ ఉంటాయి. ఆ రోజుల్లోనే ఆయన ఎండుకొమ్మలు, వేళ్లు, చెక్కముక్కలు ఏరుకొచ్చి చిన్నమార్పుతో పక్షుల్నీ మనుషుల్నీ చేసేవారు. వాటికి ‘కుటుమ్ కాటామ్’ అని పేరు. పారేసినదాన్ని చేరదీయడంలో బాబాయికీ అబ్బాయికీ పోలిక స్పష్టం. ఒకరు పారేసిన మాటను చేరదీస్తే, ఇంకొకరు పారేసిన కాగితాన్ని చేరదీశారు.

అవనీంద్రుడి శిష్యుడు నందలాల్ బోస్ (1882–1966) ఇంత చిలిపివాడు కాదు, నియమం మనిషి. 1919లో శాంతినికేతన్‌లో మొదలైన కళాభవన్‌ను 1922 నుంచి నడిపించింది ఆయనే. పోస్టుకార్డంత కార్డుల మీద, నడుస్తూ నడుస్తూ చూసిన మేకపిల్లను, తాటిచెట్టును, బండి లాగే ఎద్దును నాలుగైదు కుంచెపోట్లతో పట్టేసేవారు. అలాంటి కార్డులే మిత్రులకూ శిష్యులకూ ఉత్తరాలుగా వెళ్లేవి. చూసింది చూసినట్టు వెంటనే గీతలో పెట్టే ఈ రోజువారీ అలవాటే గాంధీజీ అడిగితే 1938 హరిపుర కాంగ్రెస్ కోసం పల్లె జీవితాన్ని వరసపెట్టి చిత్రించేటప్పుడు అక్కరకొచ్చింది. రాజ్యాంగ మూలప్రతి పేజీల అలంకరణ కూడా ఆయనదీ ఆయన శిష్యులదీ. శాంతినికేతన్‌లో ఆయన దగ్గర శిక్షణ పొందిన మనవాళ్లలో కొండపల్లి శేషగిరిరావు ఒకరు. కాకతీయ శిల్పాల ముందు కూర్చుని ఆయన గీసుకున్న రేఖాచిత్రాల్లో, అనవసరమైన గీత ఒక్కటి కూడా పెట్టని ఆ బడి క్రమశిక్షణ కనిపిస్తుంది.

ఈ వరసలో చివరివాడు సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్. చిన్నప్పుడు తల్లి వెంట శాంతినికేతన్ వెళ్లి, కొత్త నోటుపుస్తకంలో టాగూర్ చేత ఒక చిన్న కవిత రాయించుకున్న పిల్లవాడు. 1940లో అదే ఊరికి విద్యార్థిగా వచ్చి నందలాల్ దగ్గర, వినోద్ బిహారీ ముఖర్జీ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. రెండేళ్లకు చదువు మధ్యలోనే వదిలేసి కలకత్తా చేరి ప్రకటనల సంస్థలో ఉద్యోగానికి కుదిరాడు. బెంగాలీ వ్యాపారులు కొత్త సంవత్సరాదికి పద్దులు మొదలుపెట్టే ఎర్రగుడ్డ అట్ట ఖాతాపుస్తకాన్ని ‘ఖేరోర్ ఖాతా’ అంటారు. రాయ్ తన సినిమాలు దాదాపు అన్నీ ఆ పద్దుపుస్తకాల్లోనే రాసుకున్నాడు. ఒక పక్క సంభాషణ, ఇంకో పక్క పాత్ర తలపాగా ఎలా ఉండాలో బొమ్మ, ఒక మూల గది నక్షా, మరో మూల సంగీతం స్వరాలు, మధ్యమధ్య కొట్టివేతలు. దర్శకుడు, చిత్రకారుడు, సంగీత కర్త ఒకే పేజీ మీద ఒకరి మాట ఒకరు వింటూ పనిచేస్తున్నట్టుంటుంది.

మొదటి సినిమా ‘పథేర్ పాంచాలి’కి మాత్రం ఆయన పూర్తి స్క్రిప్టు రాయలేదు. దృశ్యం తర్వాత దృశ్యంగా సిరాతో కుంచెబొమ్మలు వేసుకున్న ఒక పుస్తకం ఉండేది. నిర్మాతల చుట్టూ తిరిగినప్పుడు చంకన పెట్టుకుని వెళ్లింది దాన్నే. డబ్బు పెట్టడానికి ముందుకొచ్చినవాళ్లు తక్కువ. సినిమా 1955లో పూర్తయింది. తర్వాత ఆ బొమ్మల పుస్తకాన్ని రాయ్ పారిస్‌లోని సినిమాటెక్ ఫ్రాన్సేజ్‌కు ఇచ్చాడు. కొన్నేళ్ల తర్వాత కుటుంబం అడిగితే అసలు ప్రతి కనిపించలేదు. దాని స్కాన్ ప్రతులు దొరకడంతో 2016లో పుస్తకంగా అచ్చయింది.

‘ఖుద్దుర్ జాత్రా’ కూడా అతికించిన కాగితాల అంచులతో సహా, ఉన్నదున్నట్టుగా 2009లో మాత్రమే పాఠకులకు అందింది. టాగూర్ కవితలు వందేళ్లుగా ఎన్నో భాషల్లో, తెలుగులో కూడా, మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉన్నాయి. దాదాపు ప్రతిసారీ సాపుచేసిన రూపంలోనే. నల్లజంతువు చుట్టుకున్న ‘పూరబి’ పేజీ ఒక్కటైనా అనువాదం పక్కన అచ్చువేసే తెలుగు ప్రచురణకర్త ముందుకు రావాలి. ఆ కవిత ఏ గొడవలోంచి బయటపడిందో చదివేవాడి కళ్లకు అప్పుడు కడుతుంది.