విషమునకు బొగ్గు

వంటింటి బొగ్గును మన పెద్దలు పలు పనులకు వాడుకొనిరి. మెత్తగా నూరి పండ్లు తోముకొనిరి. కుండలో ఇసుక పొరల నడుమ పరచి త్రాగునీరు వడగట్టిరి. కడుపులో పడిన విషమును కూడ ఈ బొగ్గు పట్టి ఆపగలదా? ఐరోపా వైద్యులు 19వ శతాబ్ది మొదటినుండియు ఈ ప్రశ్న అడుగుచుండిరి. సమాధానము తేలుటకు దాదాపు 200 ఏండ్లు పట్టినది. ఈ చరిత్రయందు ప్రాణమునకు తెగించిన సాహసులు కలరు. ఓపికతో తూచి కొలిచినవారును కలరు. పుస్తకములు మొదటివారిని ఎక్కువగా పొగడుచుండును. మనకు పనికివచ్చునది రెండవవారి పని.

1773లో స్వీడన్ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షీలే, బొగ్గు వాయువులను పట్టి ఉంచునని గమనించెను. 1785లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున లోవిట్స్ అను ఔషధ రసాయనజ్ఞుడు టార్టారిక్ ఆమ్లపు స్ఫటికములు తయారుచేయుచు, గోధుమవన్నెకు తిరిగిన ద్రావణము బొగ్గు తగిలినంతనే తేటపడుట చూచెను. కొలదికాలములోనే చక్కెర పాకమును తెల్లపరచుటకు బొగ్గును, అంతకంటె మేలైన ఎముకల బొగ్గును వాడసాగిరి. పాకములోని రంగును లాగివేయు వస్తువు కడుపులోని విషమును ఏల లాగివేయదు?

బొగ్గు విషమును విరిచివేయదు, మార్చదు. పట్టుకొని ఉంచును, అంతే. ఆ పట్టుకొనుట కూడ గుడ్డ నీటిని పీల్చుకొనుట వంటిది కాదు. గుడ్డలో నీరు లోపలికంతకు ఇంకును. ఇక్కడనో, బెల్లపు ముద్దకు ఈగలు ముసిరినట్లు, అణువులు బొగ్గు ఉపరితలముపై చేరి అంటుకొనును. మొదటిది శోషణము, రెండవది అధిశోషణము. అధిశోషణమునకు శాస్త్రమున ప్రత్యేకమైన పేరు 1881లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కైజర్ వ్రాతలతో ఏర్పడినది. ఈగలు చేరుటకు చోటు కావలెను గదా! కావున ఉపరితలము ఎంత విశాలమైన బొగ్గుకు అంత బలము.

ఆ రహస్యము తెలియకమునుపే సాహసములు మొదలైనవి. 1813లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు బెర్ట్రాండ్ పాషాణమును బొగ్గుతో కలిపి మింగి బ్రతికెననియు, 1831లో టూయెరీ అను ఔషధజ్ఞుడు ఫ్రెంచి వైద్య అకాడమీ సభ్యుల యెదుట, మనిషిని చంపుటకు చాలునంతకు ఎన్నో రెట్లు ముష్టివిషమును, అనగా స్ట్రిక్నిన్‌ను, బొగ్గుతో మింగి నిలిచెననియు వైద్య చరిత్రలు చెప్పును. ఆశ్చర్యకరమే. కాని వారిరువురును విషమును, బొగ్గును కలిపియే మింగిరి. ఆసుపత్రికి వచ్చు రోగి అట్లు చేయడు. విషము ముందు, వైద్యుడు ఎంతో తరువాత.

ఈ లోపమును ఎరిగి పనిచేసినవాడు లండన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గారడ్. వాతరక్తమున రక్తములో యూరిక్ ఆమ్లము హెచ్చునని చూపినవాడుగా ఆయన తరువాత ప్రసిద్ధుడయ్యెను. 1846లో ఆయన ప్రచురించిన పరిశోధన జంతువులపై చేసినది. అందు తేలిన విషయములు రెండు. విషము ఎంతయో దానికి తగిన నిష్పత్తిలో బొగ్గు ఉండవలెను, చిటికెడు చాలదు. బొగ్గు త్వరగా అందవలెను. విషము రక్తములో కలసిన పిదప కడుపులోని బొగ్గు దానిని వెంబడించి పోలేదు. నేటి వైద్యగ్రంథములలోని నియమములకు మూలము ఈ రెండు మాటలే. అయినను అప్పుడు వాటిని పట్టించుకొన్నవారు తక్కువ.

బొగ్గు బలము పెంచు ఉపాయము 1900, 1901 సంవత్సరములలో వచ్చినది. ఎఱ్ఱగా కాలిన బొగ్గుపై నీటియావిరినిగాని, బొగ్గుపులుసు వాయువునుగాని పంపినచో దానిలో లెక్కకందని సూక్ష్మరంధ్రములు ఏర్పడునని ఆస్ట్రెయికో అనునతడు పేటెంట్లు పొందెను. ఇదియే ఉత్తేజిత బొగ్గు. దీని 1 గ్రాములోని ఉపరితలము సుమారు 1000 చదరపు మీటర్లు, అనగా పావు ఎకరము! పొయ్యిలోని బొగ్గునకు ఈ విస్తీర్ణము లేదు. 1915లో యుద్ధరంగమున విషవాయువులు వదలినప్పుడు రష్యాలో జెలిన్‌స్కీ బొగ్గుతో ముఖకవచము రూపొందించెను. గట్టిదనమువలన కొబ్బరిచిప్పల బొగ్గు ఈ పనికి శ్రేష్ఠమని అమెరికనులు గుర్తించిరి. 1918లో వారు పండ్ల టెంకలను సైతము ప్రజలనుండి సేకరించిరి.

వైద్యమున మాత్రము ఇదే కాలమున వెనుకడుగు పడినది. ఉత్తేజిత బొగ్గు 2 పాళ్ళు, మెగ్నీషియం ఆక్సైడు 1 పాలు, టానిక్ ఆమ్లము 1 పాలు కలిపి 'సార్వత్రిక విరుగుడు' అను పేరుతో దశాబ్దములపాటు వాడిరి. ఇంటివద్దనైతే మాడిన రొట్టె, చిక్కని టీ చాలుననిరి! బొగ్గు ముందుగా ఆ టానిక్ ఆమ్లమునే పట్టుకొని తన చోటు నింపుకొనును. విషమునకు మిగులు చోటు తగ్గును. మాడిన రొట్టె ఉత్తేజిత బొగ్గు కానేకాదు. పేరు గొప్పదగుటచే ఈ మిశ్రమము అంతకాలము నిలిచినదని తోచుచున్నది. 1963లో హోల్ట్, హోల్జ్ అను అమెరికను వైద్యులు పిల్లల వైద్యపత్రికలో వ్రాసిన వ్యాసముతో వట్టి బొగ్గుపై తిరిగి శ్రద్ధ కలిగినది. 1997లో అమెరికా, ఐరోపా విషవైద్యుల సంఘములు కలసి, విషము మింగిన 1 గంటలోపల ఇచ్చినచో ప్రయోజనము ఉండవచ్చుననియు, అందరికిని అలవాటుగా ఇవ్వరాదనియు ప్రకటించినవి.

మన పల్లెలకు సన్నిహితమైన పరీక్ష శ్రీలంకలో జరిగినది. అక్కడను మనవద్దవలెనే పురుగుమందులు, పచ్చగన్నేరు గింజలు ప్రాణములు తీయుచున్నవి. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో పచ్చగన్నేరు విషమెక్కిన 401 మందికి మొదట ఒక మోతాదు బొగ్గు ఇచ్చిరి. పిదప మరల మరల బొగ్గు పొందిన 201 మందిలో 5గురును, పొందని 200 మందిలో 16 మందియు మరణించిరి. ఆశ చిగురించినది. కాని 2008లో ప్రకటితమైన మరింత పెద్ద పరీక్షలో, 4632 మందిని చేర్చి చూడగా, పలుమార్లు బొగ్గు పొందినవారిలో 6.3 శాతము, అసలు పొందనివారిలో 6.8 శాతము మరణములు. అనగా చెప్పదగిన భేదము లేదు. వారిలో చాలమంది విషము మింగిన కొన్ని గంటలకుగాని ఆసుపత్రి చేరలేదు. గారడ్ చెప్పిన రెండవ మాట ఇక్కడ జ్ఞాపకమునకు వచ్చును.

కనుక విషము మింగినవారికి ఇంటిలో బొగ్గు నూరి పోయుచు కాలము గడపుట ప్రమాదకరము. స్పృహ తప్పినవారి నోటిలో పోసిన బొగ్గు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. మద్యము, ఇనుము, లిథియము, గాఢమైన ఆమ్లములు, క్షారములు దీనికి లొంగవు. చేయవలసినది ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చుట.

ఇటీవల బొగ్గు తినుబండారములలోనికి ప్రవేశించినది. నల్లని ఐస్‌క్రీములు, నల్లని రొట్టెలు, 'శరీరమును శుద్ధిచేయు' పానీయములు పెద్ద నగరములలో అమ్ముడుపోయినవి. 2018లో న్యూయార్కు నగర ఆరోగ్యశాఖ ఆహారపదార్థములలో ఉత్తేజిత బొగ్గును అనుమతింపలేదు. ఐరోపాలో బొగ్గు నలుపురంగుగా అనుమతి పొందినది. భోజనానంతరము కడుపులో హెచ్చిన వాయువు తగ్గుటకు అది ఉపకరించునను ఒక్క వాక్యమును 2012లో అక్కడి చట్టము అంగీకరించినది. శుద్ధి మాట అందు లేదు. రక్తములోని మలినములను తీయుటకు కాలేయము, మూత్రపిండములు ఉన్నవి. బొగ్గునకు మంచిచెడ్డల వివేచన లేదు; మీరు మింగిన మందుబిళ్ళను సైతము అది పట్టుకొనిపోవును. మూర్ఛకో గుండెకో రోజూ మందు తీసికొనువారికి అట్టి ఐస్‌క్రీము వినోదము కాదు.

గారడ్ చెప్పిన మొదటి మాటను ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చూపవచ్చును. రెండు గ్లాసులలో సమానముగా నీరు పోసి, ఒకదానిలో 2 చుక్కలు, రెండవదానిలో 20 చుక్కలు మిథిలిన్ బ్లూ ద్రావణము కలుపుడు. ఒక్కొక్క గ్లాసులో సరిగా ఒకే కొలత ఉత్తేజిత బొగ్గుపొడి వేసి, కలియబెట్టి, కొంతసేపటికి వడపోత కాగితముతో వడగట్టుడు. బొగ్గు కొలతను కొద్దికొద్దిగా తగ్గించుచు ఇదే మరల చేసినచో, మొదటి గ్లాసు నీరు తేటగానున్నను రెండవదానిలో నీలిరంగు మిగులు ఘట్టము ఒకటి వచ్చును. ఆ కొలతను విద్యార్థులచేతనే తూయించి వ్రాయింపుడు.