కంప్యూటరులో కచేరి

రేడియోలో పాట వినువారికి ముల్లును సరియైన చోట నిలుపుకొనుట ఒక్కటే పని. ఏ రికార్డు తీయవలెను, దానినేమని ప్రకటింపవలెను, ధ్వని యెంత యుండవలెను అను సంగతులన్నియు కేంద్రములోని గ్రంథాలయాధికారి, అనౌన్సరు, ఇంజనీరు చూచుకొందురు. ఇంటి కంప్యూటరులో పాట వినదలచిన గృహస్థునకు ఈ మూడుద్యోగములును తన నెత్తిననే పడును. ఆ భారమును పంచుకొనుటకు పుట్టినదే ప్లేయరు అను సాఫ్ట్‌వేరు. నేడట్టివి పెక్కులున్నవి. దేనిని ఎన్నుకొనవలెనో తెలియుటకు వాని చరిత్రయే మంచి దారి చూపును.

1982లో ఫిలిప్సు, సోనీ సంస్థలు కాంపాక్టు డిస్కును విపణిలోనికి తెచ్చినవి. అందు ధ్వనిని సెకండునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. ఎడమ, కుడి చానెళ్లు రెండును కలిపి నిమిషపు పాటకు సుమారు 10 మెగాబైట్లు పట్టును. ఆనాటి ఇంటి కంప్యూటరులకు అంత చోటెక్కడిది? జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ మొదలగు పరిశోధకులు దీనికొక ఉపాయము సాధించిరి. పెద్ద ధ్వని మ్రోగునపుడు దాని చేరువనున్న చిన్న ధ్వని చెవికందదు. అందని దానిని వదలివేసినచో ఫైలు చిక్కిపోవును గాని, వినువానికి లోటు అంతగా తోచదు. సెకండునకు 128 కిలోబిట్ల చొప్పున వ్రాసినచో పాట పదునొకండవ వంతునకు తగ్గును. 1995లో ఇట్టి ఫైళ్లకు ఎంపీ3 అను పేరు స్థిరపడినది.

1997లో అమెరికాలో జస్టిన్ ఫ్రాంకెల్, ద్మిత్రి బోల్డిరెవ్ అను యువకులు విన్‌యాంప్ అను ప్లేయరును వెలువరించిరి. చూచుటకది చిన్న టేపురికార్డరు వలె నుండుటచే జనమునకు వెంటనే మచ్చికైనది. 2001లో యాపిల్ సంస్థ ఐట్యూన్సును తెచ్చి, ఇంటిలోని పాటల భాండారము నంతటిని ఒకచో చూపినది. ప్యారిస్‌లోని ఎకోల్ సెంత్రాల్ విద్యార్థులు ఆరంభించిన వీఎల్‌సీ అదే యేట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా లోకమునకు అందినది. 2002లో పీటర్ పావ్లోవ్‌స్కీ ఫూబార్2000ను విడుదల చేసెను. 2013లో విన్‌యాంప్‌ను ఆపివేయుదుమని నాటి యజమానులు ప్రకటించిరి. మరుసటి యేట అది చేతులు మారినది. 2019లో యాపిల్ వారి మాక్ కంప్యూటరులలో ఐట్యూన్సు స్థానమున వేరు సాఫ్ట్‌వేరులు వచ్చినవి. దీనివలన తేలునదేమన, ప్లేయరు శాశ్వతము కాదు. పాటను గూర్చిన వివరములు ప్లేయరు చిట్టాలో మాత్రమే యున్నచో, దానితో అవియు పోవును. అవి పాట ఫైలులోనే యుండవలెను.

ఫైలులో వివరములు వ్రాయు పద్ధతి 1996లో వచ్చినది. ఐడీ3 అను ఆ చీటీ ఫైలు చివర 128 బైట్ల చోటులో నుండును. అందు పాట పేరునకు 30 బైట్లు, పాడినవారి పేరునకు 30 బైట్లు. అది రోమను లిపికై యేర్పడినది. యూనికోడులో నేడు విరివిగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిని తెలుగు సంకేత మొక్కింటికి 3 బైట్లు కావలెను. ‘త్యాగరాజస్వామి’ అను పేరునకే 42 బైట్లు. 1998లో వచ్చిన రెండవ తరపు చీటీలో ఈ యిరుకు తొలగి, యూనికోడునకు చోటు దొరికినది. కావున ప్లేయరునకు మొదటి పరీక్ష యిది: దానితో ఒక పాటకు తెలుగున పేరు వ్రాసి, ఆ ఫైలును మరియొక ప్లేయరులో తెరచి చూడుడు. అక్షరములకు మారుగా ప్రశ్నార్థకములు కనబడినచో వేరొకదానిని వెదకుట మంచిది.

కర్ణాటక సంగీతమునకు మరియొక చిక్కు గలదు. చీటీలో వాగ్గేయకారునకు గడి యున్నది గాని, రాగ తాళములకు లేదు. ఫూబార్2000 వంటి వానిలో క్రొత్త గడులు కల్పించుకొనవచ్చును. అప్పుడు ఇంటనున్న కాంభోజి కృతులన్నియు ఒక్కచో చేరి కనబడును.

ఇక ఇంజనీరు పని. పాత కచేరి మెల్లగాను, సినిమా పాట బిగ్గరగాను వినబడుట కలదు. 2001లో డేవిడ్ రాబిన్సన్ ప్రతిపాదించిన రీప్లేగెయిన్ పద్ధతిలో ప్రతి పాట ధ్వనిని కొలిచి, ఆ లెక్కను చీటీలో వ్రాయుదురు. వినిపించునపుడు ప్లేయరు ఆ మేరకు హెచ్చుతగ్గులు సవరించును. కలగాపులగముగా వినునపుడు పాటవారీగాను, పూర్తి కచేరి వినునపుడు ఆల్బమువారీగాను దానిని అమర్చుకొనవలెను. ఎంపీ3 ఫైళ్ల మొదట, చివర స్వల్ప నిశ్శబ్దము చేరును. రాగము, తానము, పల్లవి వేరువేరు ఫైళ్లుగా నున్నపుడు అది ముల్లువలె గ్రుచ్చుకొనును. దానిని తొలగించి విరామము లేక వినిపించు ప్లేయరునే యెన్నుకొనవలెను.

పాత క్యాసెట్లను కంప్యూటరులోనికి ఎక్కించు గృహములు నేడనేకము. వానిని ఏ కొలతను వదలని ఫ్లాక్ పద్ధతిలో భద్రపరచి, వినుటకు మాత్రము ఎంపీ3 నకలు తీసికొనవచ్చును. అయితే ‘ట్రాక్ 7’ అని మాత్రమే యున్న ఫైలు ఎంత స్పష్టముగా మ్రోగినను, పాడినదెవరో మనుమలకు చెప్పజాలదు. ఆ గొంతును గుర్తుపట్టగల పెద్దలు ఇంట నుండగనే వారినడిగి పేర్లు వ్రాసికొనుట మేలు.