ఖతర్ నేల కింద తేలే మంచినీరు

ఖతర్‌లో నదులు లేవు. ఏడాది సగటు వర్షపాతం సుమారు 80 మిల్లీమీటర్లు. అయినా ఆ దేశపు ఉత్తరభాగంలో, సున్నపురాతి పొరల్లో, ఉప్పునీటిపై తేలుతూ పలుచని మంచినీటి నిల్వ ఉంది. 'రౌదా' అని పిలిచే పల్లపు నేలల్లో నిలిచిన వాననీరు ఇంకి ఏర్పడినదది. పూర్వం ఊళ్ళకు బావులే ఆధారం. 1950లలో సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కర్మాగారాలు మొదలయ్యాక తాగునీటికి బావుల అవసరం తగ్గింది. సాగుకు మోటార్లతో తోడడం మాత్రం పెరిగి, అడుగునున్న ఉప్పునీరు పైకెక్కింది. విచిత్రంగా దోహా నగరం కింద నీటిమట్టం పెరిగింది. గొట్టాల లీకులు, తోటలకు పెట్టే నీరు అందుకు కారణాలు.

ఈ మార్పులను ఆకాశం నుంచి కొలవడం కష్టమే. 2002లో ప్రయోగించిన గ్రేస్ ఉపగ్రహాల జంట గురుత్వాకర్షణలోని మార్పులను బట్టి భూజలాన్ని అంచనా వేసింది. దాని చూపు దాదాపు 300 కిలోమీటర్ల కంటే చిన్న ప్రాంతాలకు ఆనదు. ఖతర్ పొడవేమో సుమారు 160 కిలోమీటర్లు! నేలలోకి విద్యుత్తు పంపి నిరోధాన్ని కొలిస్తే సూక్ష్మవివరం దొరుకుతుంది. కానీ ఉప్పునీరూ బంకమట్టీ రెండూ నిరోధాన్ని తగ్గిస్తాయి. ఒకే లక్షణం, రెండు జబ్బులు. బావినీటిని పరీక్షించనిదే రోగనిర్ధారణ కాదు.

భూభౌతిక కొలతలను, దత్తాంశ శాస్త్రాన్ని, వాతావరణ అంచనాలను జోడించే డాక్టరేట్ పరిశోధనకు అసలు చిక్కు ఇక్కడే. కంప్యూటర్ నమూనా గతం నుంచి నేర్చుకుంటుంది. వానల తీరూ సముద్రమట్టమూ మారుతున్నప్పుడు ఆ గతం చాలదు. నమూనా చెప్పినదాన్ని సరిచూడడానికి ఏటేటా బావుల్లో నీటిమట్టాన్నీ ఉప్పదనాన్నీ కొలుస్తూనే ఉండాలి.