బోరుకొచ్చిన ఇంజన్: విజయవాడలో లారీ మరమ్మతు వృత్తి

రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజన్ ఒకచోట స్థిరంగా నిలిపి వాడవలసిన బరువైన యంత్రం కాగా, ఇంధనాన్ని అధిక పీడనంతో కొలిచి సిలిండర్లలోకి పంపే చిన్న పంపులు 1920ల్లో రూపొందిన తరువాతనే అది లారీల్లో విరివిగా వాడకానికి వచ్చింది. భారతదేశంలో 1954లో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీకి పూనుకోగా, మద్రాసు శివారు ఎన్నూరులో అశోక్ లేలాండ్, బెంగళూరులో డీజిల్ పంపులు చేసే మైకో అదే దశకంలో నిలదొక్కుకున్నాయి.

అయితే ఉత్పత్తికి ప్రభుత్వ లైసెన్సులు తప్పనిసరైన ఆ కాలంలో కొత్త లారీకి నిరీక్షణ తప్పేది కాదు గనుక, అరిగిన ఇంజన్‌ను విప్పి మళ్ళీ కొత్తదానిలా నిలబెట్టగలిగిన పనివారి మీదనే సరకు రవాణా చాలావరకు ఆధారపడింది. మద్రాసు-కలకత్తా రహదారి, హైదరాబాదు-మచిలీపట్నం రహదారి కలిసే విజయవాడ ఈ పనికి సహజమైన కేంద్రమయింది. డెల్టా రైసు మిల్లుల్లో తిరిగే ఆయిల్ ఇంజన్ల వల్ల యంత్ర పరిజ్ఞానం ఆ ప్రాంతానికి కొత్త కాదు. ఊరి వీధుల్లో చెదిరి ఉన్న షెడ్లకు 1960లలో ఆటోనగర్ ఏర్పాటుతో ఒక ఆవరణ దొరికింది.

ఆ షెడ్లలో జరిగిన పని ఊహ మీద నడిచేది కాదు, కొలత మీద నడిచేది. పిస్టన్ సిలిండర్ పైకొసకు చేరి వెనుదిరిగే చోట మంట పీడనం అత్యధికంగా, నూనె పొర అతి పలుచగా ఉంటుంది కనుక, సిలిండర్ గోడ అక్కడే ఎక్కువగా అరిగి, వేలిగోరు తగిలేంత మెట్టు ఏర్పడుతుంది. ఆ స్థితికి చేరడాన్నే మెకానిక్కులు ‘ఇంజన్ బోరుకొచ్చింది’ అంటారు. 97 మిల్లీమీటర్ల వ్యాసం గల టాటా 697 ఇంజన్ సిలిండర్‌ను అర మిల్లీమీటరు పెంచి తొలిస్తే, దానికి సరిపడే పెద్ద పిస్టన్, రింగులు వేయాలి. తొలిచిన గోడను హోనింగ్ రాళ్ళతో రుద్ది, నూనె నిలిచేందుకు ఒకదానినొకటి ఖండించే సన్నని గీతలు పెట్టాలి. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్‌ను ఇందుకు భిన్నంగా సన్నబరచి, మందం పెరిగిన బేరింగులు అమర్చాలి. ఒకే మెకానిక్ ఇవన్నీ చేసేవాడు కాదు: ఇంజన్ దించేవాడు ఒకడు, బోరింగ్ చేసేవాడు మరొకడు, పంపు, ఇంధనం చిమ్మే నాజిళ్ళు చూసేవాడు వేరొకడు. ఈ పని విభజనే ఆటోనగర్ అసలు బలమని చెప్పాలి.

చివరిదైన టైమింగ్ పని అన్నిటికంటె సున్నితమైనది. పంపు మొదటి గొట్టం దగ్గరి డెలివరీ వాల్వు తీసి, అక్కడ వంపు గొట్టం బిగించి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ పోతే, ధారగా కారే డీజిల్ చుక్కలుగా మారి ఆగే క్షణమే ఇంధనం చిమ్మడం మొదలయ్యే ఘడియ. దానిని ఫ్లైవీల్ మీది గుర్తుతో సరిపోల్చి పంపును బిగించేవారు. అక్షర జ్ఞానం అంతగా లేని పిల్లలు సైతం గురువు పక్కన నిలిచి నేర్చుకున్న ఈ విద్య ఏ కళాశాల విద్యకూ తీసిపోనిదే గాని, దానిని రాసి భద్రపరచిన పుస్తకాలు తెలుగులో అరుదు.

కాలుష్య నియమాలు ఈ వృత్తిని లోపలినుంచి మార్చాయి. 2017లో దేశమంతటా భారత్ స్టేజ్-4 (బీఎస్-4), 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో, అన్ని సిలిండర్లకూ ఒకే పీడన గొట్టంనుంచి ఇంధనమందించే కామన్ రైల్ పద్ధతి లారీల్లో స్థిరపడింది. చిమ్మే ఘడియను ఇప్పుడు కంప్యూటరు నిర్ణయిస్తుంది. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ పనులు ఇప్పటికీ పాత పద్ధతిలోనే సాగుతున్నా, చాలా ఇంజన్లలో ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌ను మార్చినపుడు దానిపై ముద్రించిన సంకేతాన్ని స్కానర్‌తో కంప్యూటరులోకి ఎక్కించనిదే పని పూర్తికాదు.