మంచు దాచిన చిత్రాలు

మాఘమాసపు ఉదయాన సీసాలోని కొబ్బరినూనె గడ్డకట్టడము మన ఇళ్ళలో అందరూ ఎరిగినదే. కాస్త ఎండలో పెట్టితే అది కరుగుతుంది. కాని ఎండ ఉన్నా వేడిలేని దేశాలకు కెమెరా మోసుకొనిపోయిన వారికి ఈ చిన్న విషయమే పెద్ద చిక్కు అయినది.

ధ్రువప్రాంతాలలో చలి సున్నకు 30, 40 డిగ్రీల దిగువకు పోతుంది. అంతటి చలిలో కెమెరా కీళ్ళలోని నూనె చిక్కబడుతుంది. రెప్పపాటులో తెరచి మూయవలసిన షట్టరు బద్ధకిస్తుంది. అవసరానికి మించి వెలుతురు పడి చిత్రము చెడిపోతుంది. అందుచేత అనుభవజ్ఞులు ప్రయాణానికి ముందే యంత్రాన్ని విప్పించి, నూనె పూర్తిగా తుడిపించి, అవసరమైనచోట పెన్సిలు ములుకులో ఉండే గ్రాఫైటు పొడిని వాడేవారు. ఇక ఫిల్ము సంగతి. అది మెత్తదనము కోల్పోయి ఎండుటాకువలె పెళుసెక్కుతుంది. తొందరపడి త్రిప్పితే పుటుక్కున విరుగుతుంది. గాలిలో తేమ లేనందున రాపిడికి విద్యుత్తు పుట్టి, సన్నని మెరుపుతీగలవంటి గీతలు చిత్రముపై ముద్రపడతాయి.

చలిలోనుండి వెచ్చని గదిలోకి వచ్చినా కష్టము తీరదు. వేసవిలో మంచుముక్కలు వేసిన గ్లాసు వెలుపల చెమర్చినట్లు, గదిలోకి తెచ్చిన కెమెరాకు లోపలా వెలుపలా నీరు పడుతుంది. మరల బయటికి తీసుకొనిపోగానే ఆ నీరే లెన్సుపై మంచుపొర అవుతుంది. కెమెరాను చలిలోనే ఉంచడము ఒక ఉపాయము. ఒంటి వేడిలో దాచుకోవడము మరియొకటి. 1953 మే 29న ఎవరెస్టు శిఖరముపై టెన్సింగు చిత్రము తీసిన హిల్లరీ, తన కెమెరాను అంతవరకు చొక్కా లోపల పెట్టుకొని పోయినాడు.

ఈ విద్యను దెబ్బలుతిని నేర్చుకొన్నవారిలో హెర్బర్ట్ పాంటింగ్ ప్రసిద్ధుడు. 1910లో బయలుదేరిన కెప్టెన్ స్కాట్ దక్షిణధ్రువ యాత్రకు ఆయన ఛాయాచిత్రకారుడు. ఇవాన్స్ అగ్రముపై కట్టుకొన్న కొయ్య ఇంటిలో ఆయనకొక చీకటిగది ఉండేది. ఒకనాడు ఆరుబయట కెమెరా సరిచూసుకొంటూ పెదవులు తడుపుకోబోగా, ఆయన నాలుక కెమెరా లోహభాగానికి తగిలి తక్షణమే అంటుకొనిపోయినది. బలవంతముగా లాగుకొనవలసివచ్చినది, నాలుక కొసనున్న చర్మము కెమెరాకే ఉండిపోయినది. ఆ చలిలో ఉత్తచేతులతో లోహాన్ని తాకడమంటే కాలిన పెనమును ముట్టుకొన్నట్లే. చేతితొడుగులు వేసుకొంటే చిన్న చిన్న మరలు త్రిప్పడము సాధ్యము కాదు.

పాంటింగ్ ధ్రువము వరకు పోలేదు. పోవలసినవారికి కెమెరా వాడకము నేర్పినాడు. వారిలో బోవర్స్ అనే యువకుడు ఒకడు. ఆ అయిదుగురు 1912 జనవరిలో దక్షిణధ్రువము చేరేసరికి, అముండ్‌సెన్ బృందము ముందటి డిసెంబరులోనే అక్కడ నార్వే జెండా నిలిపి పోయినది. చలి సున్నకు 30 డిగ్రీల దిగువన ఉన్నది. బోవర్స్ కెమెరాకు దారము కట్టి, తాను కూడ సహచరుల ప్రక్కన కూర్చుండి, ఆ దారము లాగి చిత్రము తీసినాడు. అందులో ఒక్క ముఖములోను గెలుపు లేదు. తిరుగు ప్రయాణములో అయిదుగురూ మరణించినారు. 1912 నవంబరు 12న వెదకబోయినవారికి గుడారములో స్కాట్, విల్సన్, బోవర్స్‌ల మృతదేహాలు కనిపించినవి. వాటితోపాటు ఆ ఫిల్ములు కూడ దొరికినవి. ధ్రువపు చలికాలమంతా ఆ మంచులోనే ఉన్నప్పటికీ, కడిగిచూడగా బొమ్మలు స్పష్టముగా వచ్చినవి.

అంతకంటె ఆశ్చర్యకరమైన కథ ఉత్తరధ్రువానికి సంబంధించినది. 1897 జూలై 11న ఆంద్రే అనే స్వీడను దేశస్థుడు, స్ట్రిండ్‌బర్గ్, ఫ్రెంకెల్ అనే ఇద్దరు సహచరులతో బెలూను ఎక్కి ఉత్తరధ్రువము వైపు బయలుదేరినాడు. మూడు దినాలలోనే బెలూను మంచుపై దిగిపోయినది. వారు నెలల తరబడి తేలియాడే మంచుపై నడచి, అక్టోబరులో తెల్లదీవి అనే చిన్న ద్వీపము చేరి, అక్కడనే కన్నుమూసినారు. వారేమైనారో 33 ఏండ్లు లోకానికి తెలియలేదు. 1930 ఆగస్టులో ఒక నార్వే ఓడవారు ఆ దీవిలో దిగి వారి అవశేషాలను కనుగొన్నారు. స్ట్రిండ్‌బర్గ్ తీసిన ఫిల్ములు దొరికినవి. స్టాక్‌హోములో జాన్ హెర్ట్స్‌బర్గ్ అనే నిపుణుడు ఎంతో ఓర్పుతో వాటిని కడిగి, సుమారు 240 చిత్రాలలో 93 చిత్రాలను రక్షించినాడు. మంచుపై ఒరిగిపోయిన బెలూను, దానిని చూస్తూ నిలుచున్న ఇద్దరు మనుష్యులు — 24 ఏండ్ల స్ట్రిండ్‌బర్గ్ చూచినదానిని లోకము 33 ఏండ్ల తరువాత చూచినది.

ఇది ఎట్లు సాధ్యమైనది? ఫిల్ముపై వెలుతురు చేసిన మార్పు కంటికి కనిపించదు. కడిగినప్పుడే బొమ్మగా తేలుతుంది. ఆలోగా దానిని చెరిపివేసేవి వేడి, తేమ. ఆ రసాయనిక క్రియలను చలి మందగింపజేస్తుంది. మనిషి వ్రేళ్ళను కొరికిన చలియే అతని చిత్రానికి కాపలా కాసినదన్నమాట. పాంటింగ్ చీకటిగదిలోనే మరియొక ఉదాహరణ దొరికినది. ఆ ఇంటిలో అతని తరువాత నివసించిన షాకల్టన్ అనుచరులు విడిచిపోయిన 22 నెగటివులు, ఒకదానికొకటి అంటుకొని ముద్దకట్టిన స్థితిలో బయటపడినవి. న్యూజీలాండు నిపుణులు వాటిని విడదీసి, 2013లో ఆ చిత్రాలను ప్రకటించినారు.

మనది వేడి, తేమ కలిసిన దేశము. మన దేశములో నిర్మించిన మూకీ చిత్రాలలో అత్యధిక భాగము నేడు లేవు. అశ్రద్ధ, అగ్నిప్రమాదాలు కొన్నిటిని హరించగా, వాతావరణము మరికొన్నిటిని తినివేసినది. అందువలననే నేటి ఫిల్ము భాండాగారాలు చలిగదులను నిర్మించుకొని, పాత ఫిల్ములను వాటిలో దాచుతున్నవి. తెల్లదీవిలో ప్రకృతి తనంత తాను చేసిన పనిని, మనము పూనుకొని చేసుకొనవలసియున్నది.