సజా పేరుకా, పనికా?

రజాకార్ అంటే తన ఇష్టంతో ముందుకొచ్చినవాడు అని మాయనా. అసలు మంచి లఫ్జే. కానీ తెలంగాణలో అది తిట్టు, బంగ్లాదేశ్‌లో ఇంకా పెద్ద తిట్టు. ఇక్కడ ఖాసిం రజ్వీ మనుషులది ఆ పేరే. అక్కడ 1971లో పాకిస్తాన్ ఫౌజ్‌కు తోడుగా నిలబడ్డ దళానిదీ ఆ పేరే. స్కూల్లో ఎవరో ఆ మాట అంటే మన పిల్లలు ఇంటికొచ్చి "అబ్బా, మనం రజాకార్లమా?" అని అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. ఆ సవాల్‌కు జవాబు కోసం నేను హైదరాబాద్ తారీఖ్ కన్నా ఢాకా తారీఖే ఎక్కువ చదివాను. ఎందుకంటే అక్కడ ఒక మసలా దశాబ్దాల పాటు నలిగింది. ఆయుధం పట్టిన దళాల నాయకులు తర్వాత ఎలక్షన్లలో గెలిచి వజీర్లైపోతే, పాత ఖూన్‌ల కోసం వాళ్లను అదాలత్‌లో నిలబెట్టాలా, వద్దా?

ముందు ఆ ఖూన్‌లు ఎవరివో చూద్దాం. 1971 మార్చి 25 రాత్రి ఫౌజ్ ఢాకా మీద పడింది. దాని వెనకే రజాకార్, అల్-బద్ర్, అల్-షమ్స్ అనే దళాలు పుట్టాయి. హిందువుల ఊళ్లు ఎక్కువ నష్టపోయాయి, అది దాచకూడని సచ్. కానీ డిసెంబర్ 14 చుట్టుపక్కల రోజుల్లో, ఫౌజ్ లొంగిపోయే ముందు, అల్-బద్ర్ వాళ్లు ఇళ్ల నుంచి ఎత్తుకెళ్లి చంపిన వాళ్ల పేర్లు చదవండి. నాటకకర్త మునీర్ చౌధురీ, నవలాకారుడు షహీదుల్లా కైసర్, గుండె డాక్టర్ ఫజ్లే రబ్బీ, కళ్ల డాక్టర్ అలీమ్ చౌధురీ. అందరూ కలిమా చదివిన వాళ్లే. ఇస్లాం పేరు మీద పెట్టిన దళం వీళ్లను రాయర్ బజార్ ఇటుక బట్టీల దగ్గరా, ఇంకొన్ని చోట్లా పారేసింది. "మన వాళ్ల మీద కేసులా?" అని కోపం తెచ్చుకునే మన భాయీలను నేను అడిగేది ఒక్కటే. ఇందులో మన వాళ్లు ఎవరు?

తర్వాత జరిగింది సియాసత్. 1972లో పట్టుకున్నారు, కేసులు పెట్టారు. 1973 నవంబర్‌లో ముజీబ్ ఆమ్ మాఫీ ఇచ్చాడు, అయితే ఖత్ల్, మానభంగం, ఇళ్లు తగలబెట్టడం లాంటి జుర్మ్‌లకు అది వర్తించదన్నాడు. పాకిస్తాన్ ఫౌజ్‌లో యుద్ధ నేరాల ఇల్జామ్ ఉన్న 195 మందిని 1974 ఒప్పందంతో వదిలేశారు. ముజీబ్ ఖత్ల్ తర్వాత, 1975 చివర్లో కొలాబరేటర్ల కానూనే రద్దయింది. అల్-బద్ర్‌ను నడిపిన మోతీవుర్ రహ్మాన్ నిజామీ 2001లో వ్యవసాయ వజీర్, ఆ తర్వాత పరిశ్రమల వజీర్. అదే దళం నుంచి వచ్చిన అలీ అహ్‌సాన్ ముజాహిద్ సమాజ సంక్షేమ వజీర్. ఏ దేశం పుట్టకూడదని ఆయుధం పట్టారో, ఆ దేశం జెండానే కారుకు కట్టుకుని తిరిగారు. ఫజ్లే రబ్బీ ఇంట్లో వాళ్లు ఆ జెండాను రోడ్డు మీద చూసే ఉంటారు.

"పాత గాయాలు కెలకొద్దు, మాఫీ గొప్ప గుణం" అనే మాట అప్పుడే వినిపిస్తుంది. మాఫీ గొప్ప గుణమే. కానీ ఎవరి మాఫీ? హుకూకుల్ ఇబాద్ గురించి మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. మనిషికి మనిషి చేసిన జుల్మ్‌ను ఆ మజ్లూమ్ మాఫ్ చేయాలి. ఖత్ల్ అయితే మాఫ్ చేసే ఇఖ్తియార్ వారిసులది. హుకూమత్ తన దగ్గర లేని మాల్‌ను ఖైరాత్ ఎలా చేస్తుంది? జహనారా ఇమామ్ కొడుకు రూమీని 1971లో ఫౌజ్ తీసుకెళ్లింది, మళ్లీ రాలేదు. ఆ అమ్మీ 1992లో ఢాకా మైదానంలో జనం అదాలత్ పెట్టి గులాం ఆజమ్ మీద ఫైసలా చెప్పించింది. సర్కార్ ఆమె మీదే దేశద్రోహం కేసు పెట్టింది. ఆమె 1994లో ఇంతకాల్ అయ్యింది. ఆ రోజుల్లోనే అవామీ లీగ్ ఎలక్షన్ల మసలాలో జమాతే ఇస్లామీతో కలిసి సడక్ మీదికొచ్చింది. ఇదీ సియాసత్ అంటే.

అదే అవామీ లీగ్ 2010లో ట్రిబ్యునల్ పెట్టింది. పెట్టడం సరైందే అని నా ఖయాల్. నడిపిన తీరు కాదు. 2012లో ట్రిబ్యునల్ జడ్జి స్కైప్‌లో విదేశంలోని ఒక వకీల్‌తో కేసుల గురించి మాట్లాడిన సంగతి బయటపడి ఇస్తీఫా ఇచ్చాడు. తన అన్నదమ్ముడి ఖత్ల్ కేసులో సయీదీ తరఫున గవాహీ ఇవ్వడానికి వచ్చిన ఒక హిందువును అదాలత్ గేటు దగ్గరే ఎత్తుకెళ్లారు. చివరికి అతను కలకత్తా జైల్లో తేలాడు. అబ్దుల్ ఖాదర్ మొల్లాకు 2013 ఫిబ్రవరిలో ఉమ్రఖైద్ వేస్తే షాబాగ్‌లో లక్షల జనం ఫాన్సీ అడిగారు. రోజుల్లోనే కానూన్ మార్చి, పాత తేదీ నుంచి వర్తింపజేసి, డిసెంబర్‌లో ఉరి తీశారు. ముల్జిమ్ ఎంత జాలిమ్ అయినా, అతని కోసం కానూన్‌ను వెనక్కి తిప్పితే దాన్ని ఇన్సాఫ్ అనలేం. ముజాహిద్‌ను 2015లో, నిజామీని 2016లో ఉరి తీశారు.

ఇంకోటి. 1971 డిసెంబర్ 18న ఢాకాలో గెలిచిన పక్షం సభ జరిగింది. కాదర్ సిద్దీఖీ దళం వాళ్లు బందీలను విదేశీ కెమెరాల ముందే బయొనెట్లతో చంపారు. ఆ ఫోటోలకు 1972లో పులిట్జర్ వచ్చింది. కాదర్ సిద్దీఖీకి బీర్ ఉత్తమ్ వచ్చింది, తర్వాత ఎంపీ అయ్యాడు. ఉర్దూ మాట్లాడే బిహారీల మీద జరిగిన ఖత్ల్‌లకూ ఎవరూ జవాబు చెప్పలేదు. విమోచన పోరాటం కోసం చేసిన పనులకు కేసులుండవని 1973లోనే ఆర్డర్ వచ్చింది. దళం నుంచి సియాసత్‌లోకి వచ్చిన వాళ్లలో ఓడిన వాళ్లకే అదాలత్, గెలిచిన వాళ్లకు తమ్గా.

ఇలాంటి చోట మనిషి చేసిన పని మీద కాకుండా దళం పేరు మీద ముకద్దమా నడుస్తుంది. పేరేమో వారసత్వంగా దిగుతుంది. 2024 జూలైలో కోటా కోసం ఉద్యమించిన విద్యార్థుల గురించి హసీనా మాట్లాడుతూ, ముక్తి యోధుల మనవళ్లకు కాకపోతే రజాకార్ల మనవళ్లకు ఇవ్వాలా అంది. 1971 నాటికి ఆ పిల్లల అబ్బాజాన్‌లు కూడా చాలామంది పుట్టి ఉండరు. ఆ రాత్రే విద్యార్థులు 'నువ్వెవరు, నేనెవరు? రజాకార్!' అని నినదిస్తూ బయటికొచ్చారు. మూడు వారాల్లో ఆమె దేశం వదిలి పారిపోయింది. అదే ట్రిబ్యునల్ 2025 నవంబర్‌లో, ఆమె లేకుండానే, ఆమెకు ఫాన్సీ వేసింది. అంతకుముందు మే నెలలో, ఫాన్సీ ఖైదీగా ఉన్న జమాత్ నాయకుడు అజహరుల్ ఇస్లామ్‌ను సుప్రీంకోర్టు బరీ చేసింది. హుకూమత్ మారితే ఫైసలా మారుతుందన్నమాట. అలాంటప్పుడు ఫజ్లే రబ్బీ వారిసులు ఏ ఫైసలాను నమ్మాలి?

అందుకే నేను ముకద్దమా జరగాలంటాను, మజ్లూమ్ కోసమే కాదు, కౌమ్ కోసం కూడా. ఫలానా మనిషి ఫలానా తారీఖున ఫలానా ఇంటికి వెళ్లాడని గవాహీతో తేలితే, ఆ జుర్మ్ అతనిదే అవుతుంది. తేలకపోతే గాల్లో తిరిగి అందరి మీదా వాలుతుంది.

మన దగ్గర ఖాసిం రజ్వీకి ముకద్దమా జరిగింది. లాతూర్‌లో వకాలత్ చేసిన మనిషి, మజ్లిస్ సదర్, రజాకార్ల సాలార్. బీబీనగర్ దోపిడీ కేసులో సజా పడింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఆ సజా చాలదని అనేవాళ్లున్నారు, నిజమే కావచ్చు. కానీ ఒక మనిషి, ఒక ఊరు, ఒక కేసు అని కాగితం మీద ఉంది. పోలీస్ యాక్షన్ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో చనిపోయిన వాళ్ల గురించి పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ఊరూరా తిరిగి రిపోర్ట్ రాశారు. హైదరాబాద్ రియాసత్ మొత్తం మీద తక్కువలో తక్కువ 27,000, 40,000 దాకా కూడా ఉండొచ్చని వాళ్ల అందాజా. ఆ రిపోర్ట్ అప్పుడు అచ్చు కాలేదు. ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో జనం చూడటానికి దొరుకుతోందని 2013లో పేపర్లలో చదివాం. అందులో జిల్లాల పేర్లున్నాయి, లెక్కలున్నాయి. దాని ఆధారంగా ఒక్క ముల్జిమ్‌ను కూడా కటఘరాలో నిలబెట్టలేదు.