జన నాట్య మండలి

జన నాట్య మండలి 1972లో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో ఏర్పడిన విప్లవ గాన, నాట్య బృందం. దర్శకుడు బి.నరసింగరావు, గాయకుడు గద్దర్, ఉత్తరాంధ్రకు చెందిన వాగ్గేయకారుడు వంగపండు ప్రసాదరావు దీని తొలితరం ప్రముఖులు. పల్లె బాణీలలో రాజకీయ సాహిత్యాన్ని ఇమిడ్చి పాడిన ఈ బృందం 1970, 1980 దశకాలలో తెలుగునాట విశేషమైన ప్రాచుర్యం పొందింది. నక్సలైటు ఉద్యమంతో గల సంబంధం వలన నిర్బంధాన్ని కూడా ఎదుర్కొన్నది. బృందం ప్రాభవం తగ్గిన తరువాత కూడా అది రూపొందించిన ప్రదర్శన పద్ధతి ఇతర ఉద్యమాలలో కొనసాగింది.

నేపథ్యం

తెలుగునాట పాటను రాజకీయ ప్రచారానికి వినియోగించుట జన నాట్య మండలితో మొదలు కాలేదు. 1940లలో కమ్యూనిస్టు ఉద్యమానికి అనుబంధంగా ప్రజానాట్యమండలి పనిచేసింది. షేక్ నాజర్ బుర్రకథను ఆ కాలంలోనే జనరంజకం చేశాడు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటివారు జానపద బాణీలలో పాటలు కట్టారు. శ్రీకాకుళ ఉద్యమంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ప్రచార సాధనంగా మలచుకొని, 1969లో పోలీసుల చేతిలో మరణించాడు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది.

ఆవిర్భావం

బి.నరసింగరావు ఆధ్వర్యంలో సికింద్రాబాదు ప్రాంతంలో ఆర్ట్ లవర్స్ అనే సాంస్కృతిక సంఘం నడిచేది. మెదక్ జిల్లా తూప్రాన్‌లో 1949లో దళిత కుటుంబంలో జన్మించిన గుమ్మడి విఠల్‌రావు అప్పటికే బుర్రకథలు చెప్పుచుండెను. నరసింగరావు ప్రోత్సాహంతో అతడు 1971లో రిక్షా కార్మికునిపై పాట వ్రాశాడు. ఆర్ట్ లవర్స్ సంఘమే 1972లో జన నాట్య మండలిగా మారింది. విఠల్‌రావు, బ్రిటిషు పాలనను ఎదిరించిన గదర్ పార్టీ పేరును తన పేరుగా గ్రహించి గద్దర్‌గా ప్రసిద్ధి చెందాడు.

ప్రదర్శన రీతి

ఒగ్గుకథ, వీధి భాగవతం, బుర్రకథ, జముకుల కథ మొదలైన కళారూపాలను మండలి స్వీకరించింది. డప్పు, డోలక్, కాలిగజ్జెలు ప్రధాన వాద్యాలు. వేదిక, తెర, అలంకరణ అవసరం లేకపోవుటచే ఊరి నడిబొడ్డున, వాడలలో, కార్ఖానాల ముందు కూడా ప్రదర్శన సాధ్యమయ్యేది. పంచె, భుజాన గొంగడి, చేత కర్ర గద్దర్ ఆహార్యం.

ప్రధాన గాయకుడు చరణం పాడగా తక్కినవారు వంత పాడుతారు. నడుమ పాటను ఆపి, ఆ ఊరి సమస్యను మాటలలో చెప్పి, ప్రేక్షకులను ప్రశ్నించి, తిరిగి పల్లవిని అందుకొనుట ఈ బృందం ప్రత్యేకత. ఆ విధంగా ఒకే పాట ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క విధంగా సాగేది. బాణీ ముందే తెలిసినది కావున చదువురానివారు సైతం ఒకసారి విని పాట నేర్చుకొనేవారు.

విస్తరణ

1975లో విధించిన అత్యవసర పరిస్థితి తొలగిన తరువాత మండలి కార్యక్రమాలు విస్తరించాయి. 1979లో గౌతం ఘోష్ దర్శకత్వంలో వచ్చిన మా భూమి చిత్రానికి నరసింగరావు నిర్మాతలలో ఒకడు. అందులో యాదగిరి రచించిన సాయుధ పోరాట కాలపు పాటను గద్దర్ తెరపై కనిపించి పాడాడు. సుమారు మూడు దశాబ్దాల నాటి పాట ఆ చిత్రంతో కొత్త తరానికి చేరింది. 1980లో పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడగా, మండలి దాని సాంస్కృతిక విభాగంగా గుర్తింపు పొందింది. గద్దర్ 1984లో కెనరా బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తికాలం కళాకారుడయ్యాడు.

నిర్బంధం

ఈ ప్రదర్శనలు యువకులను సాయుధ పోరాటం వైపు ఆకర్షిస్తున్నవని ప్రభుత్వం భావించింది. పేదల కష్టసుఖాలను చెప్పే కళపై ఆంక్షలు తగవని అభిమానులు వాదించారు. 1985లో కారంచేడులో దళితుల హత్యలు జరిగినప్పుడు మండలి ఆ ఘటనపై పాటలు పాడింది. అదే సంవత్సరం గద్దర్ అజ్ఞాతంలోనికి వెళ్ళాడు.

మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం ఆంక్షలు సడలించిన తరువాత, 1990 ఫిబ్రవరిలో గద్దర్ బయటకు వచ్చాడు. హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు జనం పెద్ద ఎత్తున తరలివచ్చారు. ఈ సడలింపు ఎక్కువ కాలం నిలువలేదు. 1992లో పీపుల్స్‌వార్‌పైన, దాని అనుబంధ సంఘాలపైన నిషేధం విధించడంతో బహిరంగ ప్రదర్శనలు సన్నగిల్లాయి. 1997 ఏప్రిల్ 6న గద్దర్‌పై ఆయన ఇంటివద్ద గుర్తుతెలియని వ్యక్తులు కాల్పులు జరిపారు. ఆయన ప్రాణాలతో బయటపడినా, ఒక తూటా శరీరంలోనే ఉండిపోయింది.

ప్రభావం

2002 నుండి తెలంగాణ ఉద్యమంలో జరిగిన ధూంధాం సభలలో డప్పు, గజ్జె, గొంగడి, పాట నడుమ మాట అనే పద్ధతి మళ్ళీ కనిపించింది. విప్లవ రాజకీయాలతో సంబంధం లేని పార్టీల సభలలో సైతం ఇటువంటి ఆటపాటలు పరిపాటి అయ్యాయి.

గద్దర్ కాలక్రమంలో సాయుధ రాజకీయాలకు దూరమై, 2010లో తెలంగాణ ప్రజా ఫ్రంట్‌ను స్థాపించాడు. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న మరణించారు. గద్దర్ అంత్యక్రియలను తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలతో జరిపించింది. ఒరేయ్ రిక్షా (1995) చిత్రంలోని పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని ఆయన తిరస్కరించాడు. తెలంగాణలో నంది పురస్కారాల స్థానంలో ఆయన పేరిటనే ఏర్పరచిన గద్దర్ చలనచిత్ర పురస్కారాలను 2025 జూన్‌లో తొలిసారి ప్రదానం చేశారు.

ఇవి కూడా చూడండి

ప్రజానాట్యమండలి
విప్లవ రచయితల సంఘం
సుద్దాల హనుమంతు
మా భూమి (సినిమా)